మబ్బంతా కనిపించాలంటే వెనక్కి జరగాలి

టోర్నడో వీడియోలు వరసగా నాలుగు చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. కారు అద్దం మీద హోరున వాన, ఆగకుండా కొట్టుకుంటున్న వైపర్లు, వెనక సీట్లోంచి అరుపులు, ఎదురుగా బూడిద రంగు. ఆ బూడిదలో ఎక్కడో టోర్నడో ఉందని కింద రాసిన శీర్షిక చెబితే తెలియాలి తప్ప కంటికి ఆనదు. అర కిలోమీటరు నుంచి తీశారన్నదే ఆ వీడియో గొప్ప. నా మాట సూటిగా చెప్పేస్తాను. అంత దగ్గరికి పోయినవాడు ప్రాణం పణంగా పెట్టి కూడా చూడాల్సింది చూడలేదు. స్టార్మ్ చేజింగ్‌కి, అంటే ఉరుముల మబ్బుల్ని కారులో వెంటాడి చూడటానికి, బయల్దేరేవాళ్ళు టోర్నడోని గురిగా పెట్టుకోవడమే మొదటి పొరపాటు. టోర్నడోని దించే ఆ మబ్బుని, సూపర్‌సెల్‌ని, గురిగా పెట్టుకుంటే పొద్దున మ్యాప్ చదవడం దగ్గర్నుంచి రాత్రి ఎప్పుడు ఆపాలన్నదాకా ప్రతి నిర్ణయమూ మారుతుంది.

లెక్క చూడండి. అమెరికా మధ్య మైదానాల్లో మే నెలలో ముదిరిన సూపర్‌సెల్ తల 15 కిలోమీటర్ల ఎత్తుని సులువుగా అందుకుంటుంది. అడుగు నేలకి కిలోమీటరు పైన ఉంటుంది. ఆ అడుగు కింద నిలబడితే కనిపించేది నల్లటి చూరు ఒక్కటే. 15 కిలోమీటర్లు ఇవతలికి వస్తే మబ్బు తల 45 డిగ్రీల కోణంలో ఉంటుంది. 30 కిలోమీటర్లు వస్తే కాలి గోరు నుంచి తల దాకా ఒక్క చూపులో పడుతుంది: పిండిన బట్టలా మెలి తిరిగిన స్తంభం, దాని మీద దాగలిలా పరుచుకున్న అన్విల్, అన్విల్‌ని పొడుచుకుని పైకి ఉబికిన గోపురం. మరి టోర్నడో సంగతో? చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో సుమారు 10 డిగ్రీల మేర కప్పుతుంది. మబ్బు అడుగు కిలోమీటరు ఎత్తులో ఉంటే, 5 కిలోమీటర్ల దూరం నుంచి టోర్నడో నిలువునా పిడికిలంత కన్నా కాస్త ఎక్కువే కనిపిస్తుంది. ఫోటోకి అంతకంటే ఏం కావాలి?

ఇంకో లెక్క కూడా ఉంది. సూపర్‌సెల్స్‌లో టోర్నడో దించేవి తక్కువ. దించినా చాలా టోర్నడోలు పది నిమిషాలు కూడా నిలవవు. సూపర్‌సెల్ మాత్రం గంటల తరబడి బతుకుతుంది. గంటలు నిలిచేదాన్ని వదిలేసి నిమిషాల్లో మాయమయ్యేదాని కోసం వెయ్యి కిలోమీటర్లు కారు తోలితే, నూటికి తొంభై రోజులు ముఖం వేలాడేసుకునే తిరిగొస్తారు. ఆ నిరాశే మనిషిని తర్వాతి మబ్బుకి మరీ దగ్గరగా తోస్తుంది.

మధ్యలో ఒక మాటల చిక్కు. స్టార్మ్‌ని మనం అలవాటుగా తుఫాను అనేస్తాం. తుఫాను సముద్రం మీద పుట్టి వందల కిలోమీటర్ల మేర రోజుల తరబడి తిరిగేది. సూపర్‌సెల్ ఇరవై ముప్ఫై కిలోమీటర్ల ఒంటరి ఉరుముల మబ్బు, కాకపోతే తన చుట్టూ తాను తిరుగుతుంది. సుడిగాలి అన్న మాటా టోర్నడోకి సరిపోదు. ఎండలో దుమ్ము లేపే సుడిగాలి నేల మీంచి పుడుతుంది, టోర్నడో మబ్బుతో కలిసి ఉంటుంది. అందుకే ఇక్కడ ఆ ఇంగ్లీషు మాటల్నే వాడుతున్నాను. సూపర్‌సెల్ అన్న పేరు 1960లలో బ్రిటిష్ వాతావరణ శాస్త్రవేత్త కీత్ బ్రౌనింగ్ పెట్టింది.

సూపర్‌సెల్ తిరగడం ఎలాగంటే, నేల దగ్గర గాలి ఆగ్నేయం నుంచి మెల్లగా వీస్తుంటుంది, ఐదారు కిలోమీటర్ల పైన పడమటి నుంచి జోరుగా వీస్తుంటుంది. ఈ తేడాని షియర్ అంటారు. దానివల్ల మధ్యలో గాలి దుంగలా అడ్డంగా దొర్లుతుంది. కింద వేడెక్కి పైకి లేచే గాలి ఆ దుంగని ఎత్తి నిలువుగా నిలబెడుతుంది. అప్పుడు పైకి లేచే గాలి తిరగడం మొదలెడుతుంది. అంతేకాదు, షియర్ ఉన్నందువల్ల వాన ఆ గాలి నెత్తిన పడకుండా పక్కకి జరిగి పడుతుంది. మామూలు ఉరుముల మబ్బు తన వానలో తానే తడిసి గంటలోపు చచ్చిపోతుంది, సూపర్‌సెల్‌కి ఆ గతి పట్టదు.

ఇక రోజు ఎలా మొదలవుతుందంటే, రేడార్‌తో కాదు. మే నెలలో అక్కడి గడియారం ప్రకారం ఉదయం 7 గంటల బెలూన్ సమాచారంతో. నార్మన్, అమరిల్లో, డాడ్జ్ సిటీ లాంటి కేంద్రాలు వదిలిన బెలూన్లు నేల నుంచి ఆకాశం దాకా ఉష్ణోగ్రత, తేమ, గాలి వివరాలు పంపుతాయి. ఒక్లహోమా రాష్ట్రంలోని నార్మన్‌లో ఉన్న స్టార్మ్ ప్రెడిక్షన్ సెంటర్ ఆ రోజు అంచనాని ఉదయం 8 గంటలకి, 11.30కి, మధ్యాహ్నం 3 గంటలకి కొత్తగా ఇస్తుంది. ప్రమాదానికి కింది నుంచి పైకి మార్జినల్, స్లైట్, ఎన్‌హాన్స్‌డ్, మోడరేట్, హై అని ఐదు మెట్లు. చాలామంది రంగుల మ్యాప్ చూసి ఆగిపోతారు. చదవాల్సింది దాని కింద రాసిన వివరణ. స్లైట్ అని వేసినా, "ఒంటరి సూపర్‌సెల్స్ ఏర్పడవచ్చు, మూత తెగితే" అని రాసి ఉంటే అది చేజర్‌కి హై రోజు కంటే మంచిది. హై అన్న రోజుల్లో తరచూ మబ్బులు గంటకి 80 కిలోమీటర్ల పైన పరిగెడుతుంటాయి, వానలో మునిగి ఉంటాయి, రోడ్ల మీద ప్రాణాలు దక్కించుకోవడానికి పోయే జనం ఉంటారు. ఆ రోజుల్లో ఇంట్లో కూర్చోవడం తప్పేం కాదు. నన్నడిగితే అదే సరైన పని.

వెతకాల్సినవి నాలుగు: తేమ, అస్థిరత, షియర్, గాలిని పైకి నెట్టే గీత. తేమకి డ్యూ పాయింట్ చూడాలి, అంటే గాలిలోని ఆవిరి నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత. ఒక్లహోమా, కాన్సాస్‌లలో 16 డిగ్రీల సెల్సియస్ లేకపోతే పెద్దగా ఆశ పెట్టుకోకూడదు, 18 నుంచి 20 ఉంటే బలం. కొలరాడో తూర్పు మైదానాలు ఎత్తులో ఉంటాయి గనక అక్కడ 12, 13 కూడా చాలు. అస్థిరతకి, అంటే వెచ్చటి గాలి ఎంత బలంగా పైకి లేవగలదన్నదానికి, కేప్ అనే కొలత ఉంది, కిలో గాలికి 1500 నుంచి 3000 జూల్స్ ఉంటే సరిపోతుంది. అంతకంటే పెద్ద అంకె చూసి మురిసిపోవడం కొత్తవాళ్ళ జబ్బు, షియర్ లేని 5000 కేప్ ఉత్త వాననిస్తుంది. షియర్ నేల నుంచి 6 కిలోమీటర్ల మధ్య 40 నాట్లు, అంటే గంటకి సుమారు 74 కిలోమీటర్లు, ఉండాలి. మబ్బు అడుగు ఎంత ఎత్తులో ఉంటుందో చేతి వేళ్ళ మీద లెక్కేయొచ్చు: ఉష్ణోగ్రతకీ డ్యూ పాయింట్‌కీ ఉన్న తేడాని 125తో గుణిస్తే మీటర్లలో వస్తుంది. 28 డిగ్రీల వేడి, 20 డిగ్రీల డ్యూ పాయింట్ అంటే 1000 మీటర్లు. 36 డిగ్రీల వేడి, 16 డ్యూ పాయింట్ అంటే 2500 మీటర్లు. రెండోది దుమ్ము, వడగళ్ళు, అందమైన అన్విల్ ఇస్తుంది గానీ టోర్నడో ఇవ్వడం కష్టం.

మూత అన్నానే, దాని గురించి ఆగి చెప్పాలి, ఎందుకంటే రోజుని చేసేదీ చెడగొట్టేదీ అదే. మెక్సికో పీఠభూమి వైపు నుంచి వేడి, పొడి గాలి వచ్చి రెండు మూడు కిలోమీటర్ల ఎత్తులో పరుచుకుంటుంది. కింద మెక్సికో గల్ఫ్ సముద్రం నుంచి వచ్చిన తేమ గాలి పైకి లేవబోయి ఆ వేడి పొరకి తగిలి ఆగిపోతుంది. మూత లేకపోతే పదకొండింటికే వంద చిన్న మబ్బులు లేచి ఒకదాని బలం ఒకటి తినేస్తాయి. మూత మరీ గట్టిగా ఉంటే సాయంత్రం దాకా నీలి ఆకాశం తప్ప ఏమీ ఉండదు. కావాల్సింది నాలుగైదింటి వరకూ పట్టి ఉంచి, ఆ తర్వాత ఒకటి రెండు చోట్ల మాత్రం తెగే మూత. మే నెలలో గాలి పీడనం 700 హెక్టోపాస్కల్స్ ఉండే చోట, అంటే సుమారు మూడు కిలోమీటర్ల ఎత్తున, ఉష్ణోగ్రత 12 డిగ్రీలు దాటితే ఆ రోజు మూత తెగుతుందా అని అనుమానించాలి.

మూతని తెగ్గొట్టే పని చాలా రోజుల్లో డ్రైలైన్ చేస్తుంది. పడమటి ఎడారి గాలి, తూర్పు తేమ గాలి కలిసే గీత అది. పగలు తూర్పుకి జరుగుతుంది, రాత్రి పడమటికి వెనక్కి తగ్గుతుంది. దాన్ని పట్టుకోవడానికి నాకు తెలిసిన మంచి పద్ధతి పాతదే. ఉదయం పది గంటల వాతావరణ స్టేషన్ రీడింగుల్ని కాగితం మీద వేసుకుని, డ్యూ పాయింట్లకి రెండేసి డిగ్రీల తేడాతో పెన్సిల్ గీతలు గీయండి. ఒక్లహోమాలో 1994లో మొదలైన మెసోనెట్ అనే వాతావరణ కేంద్రాల అల్లికకి 120 స్టేషన్లున్నాయి, ప్రతి కౌంటీలో కనీసం ఒకటి, ఐదేసి నిమిషాలకి రీడింగు. గీతలు గీస్తుంటే చెయ్యి ఒకచోట చిక్కుకుంటుంది. డ్యూ పాయింట్ 14 నుంచి 6 డిగ్రీలకి నలభై కిలోమీటర్లలో పడిపోయిన చోటు, గాలి దక్షిణం నుంచి ఒక్కసారి ఆగ్నేయానికి తిరిగిన చోటు, రాత్రి వాన మిగిల్చిన చల్లగాలి సరిహద్దు. డ్రైలైన్‌ని ఆ సరిహద్దు అడ్డంగా కోసే చోటే ఆ రోజు లక్ష్యం, చాలాసార్లు. కంప్యూటర్ మోడళ్ళు అక్కర్లేదనను. గంట గంటకీ వచ్చే హెచ్ఆర్ఆర్ఆర్ మోడల్ పనికొస్తుంది, అయితే అందులో సాయంత్రం ఆరింటికి ఫలానా ఊరి మీద చూపించిన ఎర్ర బొట్టుని నమ్మి ఆ ఊరికి పరిగెత్తకండి. వరసగా వచ్చిన మూడు నాలుగు అంచనాలు ఒకే ప్రాంతాన్ని చూపిస్తున్నాయా అన్నది అడగాలి. బొట్టు ఎక్కడుందన్నది కాదు.

లక్ష్యం తేలాక దాన్ని రోడ్ల మ్యాప్ మీద పెట్టాలి, ఇక్కడే సగం మంది తప్పుతారు. కాన్సాస్, పశ్చిమ ఒక్లహోమాలలో మైలుకొక రోడ్డు గళ్ళ చీరలా ఉంటుంది, కానీ అందులో చాలావరకు మట్టి రోడ్లు. ఎండలో రాయిలా ఉన్న ఆ ఎర్రమట్టి పది నిమిషాల వానకి సబ్బులా మారుతుంది. నాలుగు చక్రాల డ్రైవ్ ఉందన్న ధైర్యం దాని మీద పనిచేయదు. కెనేడియన్ నది, రెడ్ రివర్ల మీద వంతెనలు చాలా దూర దూరంగా ఉంటాయి. మబ్బు నదికి అటువైపు, వంతెన 30 కిలోమీటర్ల అవతల అంటే ఆ మబ్బు మీది కాదు, వదిలేయండి. టెక్సస్ ఉత్తర కొసన ఉన్న పాన్‌హ్యాండిల్‌లో కాప్‌రాక్ కొండ అంచు దగ్గర తూర్పు పడమర రోడ్లే తక్కువ. తూర్పు ఒక్లహోమా దాటి ఆర్కన్సాస్ వైపు వెళితే కొండలు, చెట్లు, ముందు ఏముందో కనిపించదు. వాతావరణం ఎంత ఊరించినా అటు పోనివాళ్ళే తెలివైనవాళ్ళు. ట్యాంకు సగానికి రాగానే నింపాలి. పెద్ద మబ్బు దెబ్బకి కరెంటు పోతే బంకు పంపులు కూడా ఆగిపోతాయి. మ్యాప్ ఫోన్‌లో ముందే దింపుకోవాలి, కాగితం అట్లాస్ కూడా ఒకటి కారులో ఉండాలి, ఎందుకంటే సిగ్నల్ ఎక్కడ పోతుందంటే సరిగ్గా అది అవసరమైన చోటే పోతుంది.

తర్వాత ఎదురుచూపు. డ్రైలైన్‌కి తూర్పున యాభై కిలోమీటర్లలో, నాలుగు దిక్కులకీ తారురోడ్డున్న కూడలి ఊళ్ళో ఆగి ఆకాశం చూడటమే పని. ఉపగ్రహ చిత్రాలు మామూలుగా ఐదు నిమిషాలకొకటి, ప్రత్యేకంగా గురిపెట్టిన ప్రాంతంలో నిమిషానికొకటి వస్తాయి. అంతకన్నా కళ్ళే ముందు చెబుతాయి. మధ్యాహ్నం మబ్బులు దిండ్లలా చదునుగా ఉంటే మూత బిగిసి ఉంది. వాటిలోంచి సన్నటి స్తంభాలు లేచి, పైన చిరిగి, వాడిపోతుంటే మూతని ఏదో గోకుతోంది. ఏదో ఒక స్తంభం అంచులు కాలీఫ్లవర్‌లా గట్టిగా, కత్తితో కోసినట్టు స్పష్టంగా మారి అలాగే నిలిచిందంటే అది తెగింది. అక్కణ్ణుంచి అరగంటలో అన్విల్ పరుచుకుంటుంది. ఈ దశలో జరిగే తప్పు, ఓపిక చాలక యాభై మైళ్ళ అవతల లేచిన మొదటి మబ్బు వెనక పరిగెత్తడం. అటు వెళ్ళేసరికి అది చస్తుంది, మీరు వదిలొచ్చిన చోట అసలుది లేస్తుంది. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. వాన రాకడ ఈ రోజుల్లో కొంత తెలుస్తుంది, ఓపికగా కూర్చున్నవాడికి.

ఇప్పుడు మబ్బుని చేరడం. సాధారణంగా అవి ఈశాన్యానికో తూర్పుకో కదులుతాయి. వాన, వడగళ్ళు ఎక్కువగా ఉత్తరం, ఈశాన్యం వైపు పడతాయి. పైకి లేచే గాలి, దాని కింద వాన లేని నల్లటి అడుగు, నైరుతి మూలన ఉంటాయి. కనక మీరు ఉండాల్సింది ఆ అడుగుకి ఆగ్నేయంగా, దక్షిణానికి తారురోడ్డు చేతిలో ఉంచుకుని. పుస్తకాలు ఇక్కడిదాకా చెబుతాయి. దానికి నేను కలిపేది ఒకటుంది: బలపడే కొద్దీ సూపర్‌సెల్ కుడికి, అంటే ఆగ్నేయానికి తిరుగుతుంది. మంచి చోటని చెప్పిన ఆ ఆగ్నేయమే దాని దారి అవుతుంది. అందుకే రెండు కిలోమీటర్ల దూరం దూరం కాదు. ఐదు ఉంచుకుంటే ఆలోచించడానికి నాలుగైదు నిమిషాలు మిగులుతాయి. ఉత్తరం నుంచి వచ్చేవాళ్ళు దగ్గరి దారని వాన గోడలోంచి దూరి వెళ్ళడాన్ని కోర్ పంచ్ అంటారు. అవతల ఏముందో కనిపించకుండా, వడగళ్ళ కింద, టోర్నడో ఉండే మూలకి తిన్నగా వెళ్ళడం అది. ఇరవై కిలోమీటర్లు చుట్టు తిరిగి రండి.

ఆగ్నేయాన నిలబడ్డాక ఆ అడుగుని కాసేపు కదలకుండా చూడండి. ముందు అది చదునుగా, ముదురు నీలంగా ఉంటుంది, దాని కింద పడమటి దిక్కున వెలుతురు పట్టీ కనిపిస్తుంది. మీ వీపు మీంచి వెచ్చటి తేమ గాలి మబ్బు వైపు వీస్తుంటుంది, గడ్డి అంతా అటే వంగి ఉంటుంది. వాన తడిపిన చల్లగాలిని కూడా మబ్బు లోపలికి లాక్కోవడం మొదలెట్టాక అడుగులో ఒకచోట మబ్బు కిందికి జారి మెట్టులా వేలాడుతుంది. అదే వాల్ క్లౌడ్. వాన వైపు నుంచి తోకలాంటి పాయ ఒకటి దానిలోకి పాకుతుంటుంది. ఇలా కిందికి వేలాడే ప్రతిదీ వాల్ క్లౌడ్ కాదు. చిరిగిన తునక మబ్బులు గాలికి కొట్టుకుపోతుంటాయి, ఐదు నిమిషాల్లో రూపు మారిపోతాయి. వాల్ క్లౌడ్ పది ఇరవై నిమిషాలు అలాగే ఉంటుంది, ఒక చుక్క మీద చూపు నిలిపితే ఆ చుక్క గుండ్రంగా తిరిగొస్తుంది. తర్వాత దాని వెనక, నైరుతి వైపు, మబ్బుని ఎవరో కొరికినట్టు వెలుతురు గాటు పడుతుంది. వెనక నుంచి దిగే గాలి చుట్టుకుంటోందన్నమాట. ఆ గాటు వాల్ క్లౌడ్ చుట్టూ గుర్రపు నాడాలా వంకర తిరిగిందంటే, టోర్నడో దిగేదైతే ఇక నిమిషాల్లోనే దిగుతుంది. నేల మీద దుమ్ము గిర్రున తిరుగుతుంటే గరాటు నేల దాకా దిగకపోయినా అది టోర్నడోనే.

అది సన్నబడి తాడులా వంకరలు పోతున్నప్పుడు అందరి కెమెరాలూ దాని మీదే ఉంటాయి, చూడటానికి అంత బావుంటుంది మరి. అప్పుడే తల తిప్పి తూర్పుకి చూడాలి. పాత సుడి ఎడమకి, వాయవ్యానికి, వంగి చచ్చిపోతుంటే కొత్తది దానికి తూర్పున, ఒక్కోసారి సరిగ్గా మీ నెత్తి మీద పుడుతుంటుంది.

ఫోన్‌లో రేడార్ బొమ్మ గురించి నా ఫిర్యాదు పెద్దది. కారులో అన్నిటికంటే ప్రమాదకరమైన వస్తువు అదే, ఎందుకంటే అది జరిగిపోయినదాన్ని ఇప్పుడు జరుగుతున్నట్టు చూపిస్తుంది. రేడార్ కింది నుంచి పైదాకా అన్ని కోణాల్లోనూ తిరిగి ముగించడానికి సుమారు ఐదు నిమిషాలు. అడుగు కోణాన్ని మధ్యలో మళ్ళీ తిప్పినా, ఫోన్‌కి చేరేసరికి ఇంకో నిమిషమో రెండో. మబ్బు గంటకి 60 కిలోమీటర్ల వేగంతో ఉంటే నిమిషానికి ఒక కిలోమీటరు. తెరమీద మీకు నాలుగు కిలోమీటర్ల అవతల కనిపించే కొక్కెం, అంటే టోర్నడో ఉండే మూలన వాన గీసే వంకర, మీ కిటికీ పక్కనే ఉండొచ్చు. పైగా రేడార్ నుంచి 100 కిలోమీటర్ల దూరంలో కింది కిరణం కూడా నేలకి కిలోమీటరున్నర ఎత్తులో పోతుంటుంది, టోర్నడో ఉన్న పొర దానికి కనిపించదు. గాలిలో ఉన్నవి ఒకే తీరువా కావా అని చూపే కోరిలేషన్ కోఎఫిషెంట్ అనే రేడార్ బొమ్మలో నీలి మచ్చ పడితే శిథిలాలు ఎగురుతున్నాయని అర్థం. అంటే టోర్నడో అప్పటికే వచ్చి పని మొదలెట్టింది. ఏ మబ్బుని ఎంచుకోవాలో, దాని వెనక ఇంకేం వస్తోందో తెలుసుకోవడానికి రేడార్ వాడండి. దగ్గరికొచ్చాక తెర ఆపి కిటికీలోంచి చూడండి. కిటికీలోంచి ఏమీ కనిపించడం లేదంటే మీరు ఉండకూడని చోట ఉన్నారు.

వానలో మునిగిన సూపర్‌సెల్స్‌ని హెచ్‌పీ (హై ప్రెసిపిటేషన్) అంటారు. వాటిలో కొక్కెం లోపలి ఖాళీని చేజర్లు బేర్స్ కేజ్ అంటారు, ఎలుగుబంటి బోను. 2013 మే 31న ఒక్లహోమాలోని ఎల్ రీనో దగ్గర దిగింది అలాంటి మబ్బే. నలభై నిమిషాలు నేల మీద ఉన్న ఆ టోర్నడో వెడల్పు ఒక దశలో 4.2 కిలోమీటర్లు, రికార్డుల్లో అంత వెడల్పైనది ఇంకోటి లేదు. మొదట ఆగ్నేయానికి పోతూ, తూర్పుకి తిరిగి, ఆ వెంటనే వేగం పెంచుతూ ఈశాన్యానికి వంగింది. దూరం నుంచి చూసేవాళ్ళకి అది వాన గోడలా కనిపించింది గానీ గరాటులా కాదు. ఆ రోజు టిమ్ శామరాస్, ఆయన కొడుకు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ చనిపోయారు. శామరాస్ దుడుకు మనిషి కాదు, ఆ రంగంలో జాగ్రత్తకి పేరున్న పరిశోధకుడు. 2003 జూన్ 24న దక్షిణ డకోటాలోని మాంచెస్టర్ దగ్గర ఆయన రోడ్డు మీద పెట్టిన పరికరం మీదుగా టోర్నడో పోయి, పీడనం 100 హెక్టోపాస్కల్స్ పడిపోవడాన్ని నమోదు చేసింది. అంత తెలిసినవాడికే చాలని దూరం, యాక్షన్ కెమెరా పెట్టుకుని బయల్దేరినవాడికి చాలుతుందా?

"అందరూ దూరంగానే నిలబడితే సైన్సు ఎలా నడుస్తుంది?" అన్నది ఎప్పుడూ వచ్చే ప్రశ్న. న్యాయమైనదే, యాభై ఏళ్ళ కిందటైతే. 1973లో ఒక్లహోమాలోని యూనియన్ సిటీ టోర్నడోని పరిశోధక బృందం మొదటి నుంచి చివరిదాకా ఫిల్ము తీయబట్టే, గాలి వేగాన్ని కొలిచే డాప్లర్ రేడార్‌లో టోర్నడో గుర్తు ఎలా ఉంటుందో తేలింది. కానీ 1995 నుంచి ట్రక్కు మీద మోసుకెళ్ళే డాప్లర్ రేడార్లున్నాయి. 1999 మే 3న ఒక్లహోమాలోని మూర్ ఊరి వైపు వెళ్ళిన టోర్నడోలో గంటకి 480 కిలోమీటర్లు దాటిన గాలిని కొలిచింది అలాంటి ట్రక్కే, సుడి బయట నిలబడి. ఇవాళ అర కిలోమీటరుకి పోయే వాళ్ళలో కొలిచే పరికరం ఉన్నవాళ్ళు చాలా కొద్దిమంది. మిగతావాళ్ళు సైన్సు పేరు వాడుకుంటున్నారు.

దూరం నుంచి చేయగలిగిన నిజమైన సాయం వేరే ఉంది. రేడార్‌కి కనిపించని ఆ కింది కిలోమీటరులో ఏముందో చెప్పడం. అమెరికా వాతావరణ సంస్థ నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్ళ స్కైవార్న్ శిక్షణ దీనికే. ఫోన్ చేస్తే చెప్పాల్సింది: నేనున్న చోటు, చూస్తున్న దిక్కు, దూరం అంచనా, చూసింది ఏమిటి, ఎన్నింటికి. "భయంకరంగా ఉంది" అనకూడదు. "ఫలానా కూడలికి వాయవ్యంగా ఐదు కిలోమీటర్లలో తిరుగుతున్న వాల్ క్లౌడ్, పది నిమిషాలుగా ఉంది, నేల మీద దుమ్ము లేదు" అనాలి. దుమ్ము లేదన్న మాటకీ అంతే విలువ. వడగళ్ళైతే కొలిచి చెప్పాలి. అంగుళం, అంటే రెండున్నర సెంటీమీటర్లు, దాటితే అక్కడ తీవ్రమైనవిగా లెక్క.

ఇంతా చేసి చేజర్లని ఎక్కువగా చంపేది టోర్నడో కాదు, రోడ్డు. 2017లో టెక్సస్‌లో స్పర్ దగ్గర ఒక కూడలిలో రెండు కార్లు గుద్దుకుని ముగ్గురు చేజర్లు పోయారు. 2022లో చేజింగ్ నుంచి తిరిగొస్తూ ఒక్లహోమా విశ్వవిద్యాలయం వాతావరణ విద్యార్థులు ముగ్గురు రోడ్డు ప్రమాదంలో పోయారు. తడి రోడ్డు మీద వేగం పెరిగితే టైరు నీటిని పక్కకి తోయలేక దాని మీద తేలుతుంది, అప్పుడు స్టీరింగూ బ్రేకూ రెండూ అబద్ధాలే. టైరు గాడి 3 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే సీజన్‌కి ముందే మార్చేయాలి. తోలేవాడు తోలాలి, మబ్బు చూసేది పక్క సీటువాడు. ఒక్కరే వెళితే ఆగినప్పుడే చూడాలి. ఆగడమంటే నాలుగు చక్రాలూ తెల్ల గీత బయట ఉండాలి, తలుపు రోడ్డు వైపు తీయకూడదు. నీళ్ళు రోడ్డు మీంచి పారుతుంటే, 30 సెంటీమీటర్లు చిన్న కారుని తేల్చేస్తాయి, 60 అయితే పెద్దవాటినీ లాక్కుపోతాయి.

వడగళ్ళలో చిక్కుకుంటే కారు ముక్కుని అవి వచ్చే వైపు తిప్పి ఆపండి. ముందు అద్దం రెండు పొరలది, పగిలినా రాలదు. పక్క అద్దాలు, వెనక అద్దం ఒక్క దెబ్బకి పొడైపోతాయి. ఐదు నుంచి పది సెంటీమీటర్ల రాళ్ళు గంటకి 70 నుంచి 115 కిలోమీటర్ల వేగంతో పడతాయి. 2010లో దక్షిణ డకోటాలోని వివియన్‌లో పడిన రాయి 20 సెంటీమీటర్లుంది. వంతెన కింద దాక్కోవడం మాత్రం వద్దే వద్దు. గాలి ఆ ఇరుకులో ఇంకా జోరందుకుంటుంది, ఎగిరొచ్చే చెత్త అంతా అక్కడే దూరుతుంది. 1999 మే 3న అలా వంతెనల కింద చేరిన చోట్ల ముగ్గురు చనిపోయారు. పైగా వంతెన కింద ఆపిన కార్లు మిగతావాళ్ళ దారిని మూసేస్తాయి. టోర్నడో కుడికీ ఎడమకీ జరగకుండా ఉన్నచోటే పెద్దదవుతుంటే అది మీ వైపే వస్తోంది. దాని దారికి అడ్డంగా, సాధారణంగా దక్షిణానికి, తప్పుకోవాలి. పిడుగు విషయానికొస్తే, ఉరుము వినిపించే దూరంలో ఉంటే అందుబాటులో ఉన్నట్టే. ట్రైపాడ్ బయటే వదిలి మీరు కారులో కూర్చోండి.

పొద్దు గుంకగానే వెంటాడటం ఆపాలి. చీకట్లో మెరుపు వెలుగులో టోర్నడో ఉందో లేదో తేల్చుకోవడం జూదం. దారిలో దెబ్బతిన్న ఊరు తగిలితే, ప్రథమ చికిత్స వచ్చినవాళ్ళు ఆగి చేతనైంది చేయాలి. రానివాళ్ళు అంబులెన్సులకి దారి వదిలి, కెమెరా లోపల పెట్టి, వేరే రోడ్డున పోవాలి.

ఆపాక కూడా మబ్బు పోదు. అది తూర్పుకి సాగిపోతుంటే దాని పడమటి వైపున, యాభై అరవై కిలోమీటర్ల వెనక, పొడి గాలిలో కారు ఆపుకోండి. అస్తమించిన సూర్యుడి వెలుగు ఇంకా అన్విల్ అడుగున తగులుతుంటుంది, పొదుగుల్లా వేలాడే మమాటస్ మబ్బులు ముందు పసుపు, తర్వాత నారింజ, చివరికి బూడిద రంగుకి తిరుగుతాయి. స్తంభం లోపల మెరుపు వెలిగినప్పుడల్లా దాని మెలికలన్నీ ఒక్క క్షణం కనిపించి ఆరిపోతాయి, ఉరుము మాత్రం అంత దూరం వినిపించదు. పొద్దున పెన్సిల్‌తో గీసిన మ్యాప్ బయటికి తీసి, మబ్బు నిజంగా లేచిన చోట గుర్తు పెట్టి, పక్కన సమయం రాసుకోవడానికి ఆ వెలుతురు సరిపోతుంది.